ఆయిల్ పంపు ఎందుకు అరిగింది: హనుమకొండ కారు ఒకదాని పూర్తి కేస్ స్టడీ

2025 ఏప్రిల్ రెండో వారంలో వరంగల్‌లోని మా షెడ్డుకు ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. 2014 మోడల్, నాలుగు సిలిండర్లు, 1200 సీసీ. మీటరు మీద 1,38,400 కిలోమీటర్లు ఉన్నాయి. యజమాని ప్రభుత్వ ఉపాధ్యాయుడు. నివాసం హనుమకొండలో, ఉద్యోగం ములుగు దగ్గర. ఏడాదిన్నర కిందట బదిలీ అయినప్పటి నుంచి 163వ జాతీయ రహదారి మీద రోజూ రానూపోనూ నూరు కిలోమీటర్ల దాకా కారు నడుపుతున్నారు. ఆయన చెప్పిన మాటలు ఇవి: "మేస్త్రీ, ఆయిల్ బుగ్గ మళ్ల వెలుగుతాంది. సెన్సర్ మార్చిన్రు, ఆయిల్ మార్చిన్రు, ఇప్పుడేమో ఇంజన్ ఇప్పాలె అంటున్రు. ఒక్కసారి మీరు చూసి చెప్పున్రి."

కొంచెం అడిగి రాబట్టిన మీదట వివరం తెలిసింది. బుగ్గ అంటే ఆయిల్ ఒత్తిడి తగ్గినప్పుడు డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం. ఉదయం చల్లటి ఇంజన్ మీద అది వెలగదు. మధ్యాహ్నం ఎండలో ములుగు నుంచి వచ్చి హనుమకొండ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం మిణుకుమిణుకుమంటుంది, కొద్దిగా రేస్ ఇస్తే ఆరిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసిన మూడు నాలుగు సెకన్లు ఇంజన్ ముందు భాగం నుంచి గొలుసు కొట్టుకుంటున్నట్టు చప్పుడు వచ్చి తగ్గిపోతుంది. ముందు చూసిన వర్క్‌షాపులో మొదట ఆ బుగ్గను వెలిగించే సెన్సర్, అంటే ప్రెజర్ స్విచ్ మార్చారు. వారంలో బుగ్గ మళ్లీ వెలిగింది. అప్పుడు పుస్తకంలో చెప్పిన 5డబ్ల్యూ-30 ఆయిల్ తీసేసి దానికంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోశారు. ఇరవై రోజులు ఏ ఇబ్బందీ కనిపించలేదు, ఆ తరువాత బుగ్గ తిరిగి మొదలైంది. మూడోసారి వెళ్లినప్పుడు బేరింగులు పోయాయనీ, హాఫ్ ఇంజన్ పని (ఇంజన్ కింది సగం విప్పి బాగుచేయడం) చేయాలనీ, 45 వేల దాకా అవుతుందనీ చెప్పారు. మూడుసార్లలో ఒక్కసారి కూడా గేజ్ పెట్టి ప్రెజర్ కొలవలేదని ఆయన మాటల వల్ల అర్థమైంది.

"సార్, గేజ్ పెట్టి కొలవకుండ నేనేం చెప్పలేను. బండి ఇయ్యాల ఇక్కడనే ఉండనీయున్రి" అన్నాను. నేను గేజ్ కోసం ఇంత పట్టుబట్టడానికి నా సొంత తప్పే కారణం. 2009లో ఇలాంటి ఫిర్యాదుతోనే వచ్చిన ఒక డీజిల్ టాక్సీకి కొలత లేకుండా, చెవితో విని, బేరింగులన్నీ మార్చాను. బుగ్గ ఆరలేదు. చివరికి చూస్తే, ఒత్తిడి మితిమీరినప్పుడు తెరుచుకునే ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ విరిగి ఉంది. ఆ డ్రైవరు పది రోజుల సంపాదన నా వల్ల పోయింది. ఆ తరువాత ఆయిల్ ప్రెజర్ ఫిర్యాదుతో వచ్చిన ఏ బండినీ గేజ్ పెట్టకముందు విప్పలేదు.

విప్పకముందు చూసినవి

డిప్‌స్టిక్ మీద మట్టం సరిగ్గానే ఉంది. ఆయిల్ నల్లగా, చిక్కగా ఉంది కానీ పెట్రోల్ వాసన లేదు, నీటి తేమ ఆనవాలు లేదు. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేస్తే లోపల గోధుమరంగు జిగురు పొర కనిపించింది. ఆయిల్ మార్పిడి ఆలస్యమైన బండ్లలో ఇది మామూలే. కారును లిఫ్ట్ మీద ఎత్తిన తరువాత రెండు విషయాలు దృష్టికి వచ్చాయి. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ అడుగున అరచేతి వెడల్పు సొట్ట ఉంది. చాంబర్ అంచు చుట్టూ బూడిదరంగు సిలికాన్ పేస్ట్ వేలిమందాన బయటికి పొంగి గట్టిపడి ఉంది. కంపెనీ నుంచి వచ్చిన చాంబర్ అంచు అలా ఉండదు. అంటే ఎవరో ఒకసారి చాంబర్ దించారు. అడిగితే గుర్తు చేసుకుని చెప్పారు: 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు కుటుంబంతో వెళ్లినప్పుడు తాడ్వాయి దాటాక పక్క దారిలో రాయి తగిలిందట, తిరిగొచ్చాక ఇంటి ముందు ఆయిల్ చుక్కలు పడుతుంటే ఒక షెడ్డులో చాంబర్ దించి పేస్ట్ పెట్టి బిగించారట. అప్పటికి బండి 1,12,000 కిలోమీటర్ల దగ్గర ఉంది.

ఈ సమాచారం అప్పటికి అనుమానం మాత్రమే. అనుమానాన్ని కొలతతో పరీక్షించాలి కాబట్టి ప్రెజర్ స్విచ్ విప్పి, దాని స్థానంలో అదే మర ఉన్న అడాప్టర్ బిగించి, 0 నుంచి 7 బార్ (ఒత్తిడి కొలమానం) దాకా చూపే మెకానికల్ గేజ్ పెట్టాను. స్విచ్ ఉండే రంధ్రం మర సన్నగా, కొన వైపు తగ్గుతూ ఉంటుంది. అక్కడ అడాప్టర్‌ను బలంగా తిప్పితే అల్యూమినియం పగులుతుంది, ఆ పగులు పెద్ద ఖర్చుకు దారితీస్తుంది.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ముల్లు నాలుగు సెకన్లు సున్నా మీదే ఉండి, ఆ తరువాత 2.9 బార్‌కు ఎక్కింది. బాగున్న ఇంజన్‌లో ఒకటి రెండు సెకన్లలో ముల్లు లేవాలి. గొలుసు చప్పుడుకు కారణం ఇక్కడే దొరికింది: టైమింగ్ గొలుసును బిగువుగా ఉంచే చైన్ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, ఒత్తిడి అందేదాకా గొలుసు వదులుగానే ఉంటుంది. కారును ఆరేపల్లి దాకా తిప్పి తెచ్చి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగిన తరువాత మళ్లీ చూశాను. 750 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో 0.35 బార్ చూపింది. బుగ్గ వెలిగించే స్విచ్ సాధారణంగా 0.3, 0.5 బార్ మధ్య పనిచేస్తుంది కాబట్టి బుగ్గ నిజమే చెబుతోంది, మార్చిన పాత స్విచ్‌లో ఏ లోపమూ ఉండి ఉండదు. ఈ తరగతి ఇంజన్‌కు వేడి మీద ఐడ్లింగ్‌లో ఒక బార్ చుట్టుపక్కల, 3000 ఆర్‌పీఎం దగ్గర మూడు బార్ చుట్టుపక్కల ఉంటేనే నాకు తృప్తి. ఇక్కడ 3000 దగ్గర ముల్లు 2.2 దాకా ఎక్కి, యాక్సిలరేటర్ అలాగే పట్టి ఉంచితే పది సెకన్లలో వణుకుతూ 1.6కు జారింది.

ఆ వణుకుతూ జారడమే ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యం. బేరింగులు అరిగిన ఇంజన్‌లో ఐడ్లింగ్‌లో ఒత్తిడి తక్కువగా ఉంటుంది కానీ రేస్ ఇచ్చిన కొద్దీ నిలకడగా పెరుగుతుంది, పట్టి ఉంచితే పడిపోదు. రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే చల్లగా ఉన్నప్పుడు కూడా ఒత్తిడి లేవదు. పంపు మాత్రమే అరిగితే స్టార్టింగ్‌లో ఆలస్యం, వేడి మీద తక్కువ ఒత్తిడి ఉంటాయి కానీ వేగంతో పాటు కోలుకుంటుంది. వేగం పెంచాక ముల్లు వణుకుతూ కిందికి దిగుతోందంటే పంపుకు అడుగు నుంచి కావలసినంత ఆయిల్ అందడం లేదు, ఉన్నంత లాగేసి ఆపైన గాలి, బుడగలు మింగుతోంది అని అర్థం. ఈ బండిలో రెండు లక్షణాలూ కలిసి ఉన్నాయి: అరిగిన పంపు గుర్తులు, ఆయిల్ అందని పంపు గుర్తులు. ఆయిల్ అందకపోవడం రోగం, పంపు అరగడం దాని ఫలితం అని ఆ సాయంత్రమే యజమానికి చెప్పాను. బేరింగుల సంగతి చాంబర్ దించాక కొలిచి తేలుస్తానని కూడా చెప్పాను.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. పంపు ఒత్తిడిని తయారు చేయదు, ఆయిల్‌ను తోస్తుంది. ఆ ప్రవాహానికి బేరింగుల సన్నటి సందులు అడ్డు నిలిచినప్పుడు పుట్టేదే ఒత్తిడి. తోసే వైపు పంపుకు ఎంత బలమైనా ఉండవచ్చు. లాగే వైపు మాత్రం దానికి సొంత బలం లేదు. చాంబర్‌లోని ఆయిల్ మీద ఉన్న గాలి ఒత్తిడి, అంటే దాదాపు ఒక బార్, ఆయిల్‌ను జాలి (పంపు ఆయిల్ లాగే గొట్టం మూతికి ఉండే వడపోత) గుండా పైకి నెట్టాలి. జాలి మూసుకుపోతే ఆ నష్టాన్ని పంపు ఏ విధంగానూ పూడ్చలేదు. అందుకే లాగే దారిలో చిన్న అడ్డు కూడా తోసే దారిలోని పెద్ద అడ్డుకంటే ఎక్కువ హాని చేస్తుంది.

చాంబర్ దించాక

మర్నాడు ఉదయం చాంబర్ దించాము. పొంగిన సిలికాన్ బయటికి ఎంత కనిపించిందో లోపలికీ అంతే పొంగి ఉంది. లోపలి అంచు నుంచి తెగిన దారాల వంటి ముక్కలు జాలికి చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య నల్లటి జిగురు పేరుకుని, జాలి వైశాల్యంలో సగానికి పైగా మూసుకుపోయింది. మా షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఒక సిలికాన్ ముక్కను పట్టకారుతో లాగితే బెత్తెడు పొడవు రబ్బరు దారంలా వచ్చింది. దాన్ని యజమానికి చూపించడానికి గుడ్డలో చుట్టి పెట్టాను.

అయితే జాలి శుభ్రం చేసి ఊరుకుంటే సగం పనే అయ్యేది. సొట్ట సంగతి మిగిలి ఉంది. చాంబర్ అడుగుకూ జాలి మూతికీ మధ్య ఎంత ఖాళీ ఉందో బయటి నుంచి కనిపించదు, లోపలి నుంచి చూడటానికి వీలు కాదు. దానికి నేను పాటించే పద్ధతి చాలా సులువైనది. గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్దను జాలి మూతి కింద అతికించి, పిండి అంటుకోకుండా చాంబర్ అడుగున నూనె రాసి, చాంబర్‌ను దాని స్థానంలో పెట్టి నాలుగు బోల్టులు చేతితో బిగించి, మళ్లీ దించాలి. నలిగిన పిండి మందమే ఆ ఖాళీ. పిండిని బ్లేడుతో అడ్డంగా కోసి వెర్నియర్‌తో కొలిస్తే సొట్ట ఉన్న చాంబర్‌తో 3 మిల్లీమీటర్లు వచ్చింది. అదే మోడల్‌కు చెందిన మంచి చాంబర్ ఒకటి షెడ్డులో ఉంటే దానితో కూడా కొలిచాము: 9 మిల్లీమీటర్లు. ఆ పిండి ముక్కలు రెంటినీ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూపించినప్పుడు ఉపాధ్యాయుడు చాలాసేపు వాటినే చూశారు. "గా రాయి తగిలినప్పటి నుంచే మొదలైందన్నట్టు" అన్నారు.

అవును, అప్పటి నుంచే మొదలైంది. ఖాళీ మూడో వంతుకు తగ్గినప్పుడు ఆయిల్ ఆ ఇరుకులో చాలా వేగంగా పారాలి. ఆ వేగం చాంబర్ అడుగున కదలకుండా పడి ఉండాల్సిన మడ్డిని, లోహపు నలుసులను లేపి జాలి వైపు తెస్తుంది. జాలి కళ్లు పెద్దవి కాబట్టి సన్నటి నలుసులు దాటిపోతాయి. ఇంజన్‌లో ఆయిల్ దారి వరుస ఏమిటంటే ముందు జాలి, తరువాత పంపు, ఆ తరువాతే ఫిల్టర్. బేరింగులకు, క్యామ్‌కు వడకట్టిన ఆయిల్ అందుతుంది. వడకట్టని ఆయిల్ తాగే భాగం ఇంజన్ మొత్తంలో పంపు ఒక్కటే. మంచి ఫిల్టర్ వేసినా, ఖరీదైన ఫిల్టర్ వేసినా, పంపుకు దాని రక్షణ లేదు. పద్నాలుగు నెలల పాటు, 26,000 కిలోమీటర్ల పాటు, ఈ పంపు మడ్డిని మింగుతూ, ఆయిల్ చాలక బుడగలను మింగుతూ పనిచేసింది.

బేరింగుల మాట తేల్చడానికి ఒక బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్ బేరింగు మూత), ఒక మెయిన్ క్యాప్ (క్రాంక్ షాఫ్ట్ బేరింగు మూత) విప్పాము. క్యాప్ ఏ వైపు తిరిగి ఉందో, ఏ నంబరుదో గుర్తు పెట్టకుండా విప్పడం నేరంతో సమానం. పిల్లలకు నేను మొదట నేర్పే పాఠం అదే. షెల్ (బేరింగు రేకు) మీద రాగి రంగు తేలలేదు, గోరు పెడితే తగిలే గీత లేదు, సన్నటి నిలువు గీతలు మాత్రం ఉన్నాయి. క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) తుడిచి, దాని మీద సందు కొలిచే ప్లాస్టిగేజ్ అనే మెత్తటి దారం ముక్క పెట్టి, క్యాప్ నిర్ణీత టార్క్‌కు బిగించి, క్రాంక్‌ను ఒక్క డిగ్రీ కూడా తిప్పకుండా మళ్లీ విప్పి, నలిగిన దారం వెడల్పును కాగితపు కొలతతో పోల్చాము. బిగ్ ఎండ్‌లో 0.045 మిల్లీమీటర్లు, మెయిన్‌లో 0.04 వచ్చాయి. రెండూ హద్దు లోపలే. క్యాప్ బోల్టుల మెడ వ్యాసం కూడా కొలిచి, సాగలేదని నిర్ధారించుకున్నాకే తిరిగి బిగించాము. హాఫ్ ఇంజన్ పని అవసరం లేదని అప్పుడు ధైర్యంగా చెప్పగలిగాను.

పంపు లోపల

ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపు విడిగా ఉండదు. టైమింగ్ కవర్ లోపలి వైపే దాని గది ఉంటుంది. లోపలి రోటర్ క్రాంక్ షాఫ్ట్ ముందు కొన మీద చదును చేసిన రెండు ముఖాల మీద నేరుగా కూర్చుంటుంది. దాన్ని చుట్టి ఒక పన్ను ఎక్కువగా ఉన్న బయటి రోటర్ తిరుగుతుంది. రెండింటి కేంద్రాలు ఒకటి కావు కాబట్టి తిరిగేటప్పుడు పళ్ల మధ్య ఖాళీ ఒకవైపు పెరుగుతూ ఆయిల్‌ను లాగుతుంది, రెండోవైపు తగ్గుతూ తోస్తుంది. కవర్ తీయాలంటే బెల్ట్, క్రాంక్ పుల్లీ, వాల్వ్ కవర్, కుడివైపు ఇంజన్ మౌంటింగ్ అన్నీ తీయాలి. మౌంటింగ్ తీసేముందు ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీ ఆన్చాలి. చాంబర్ అప్పటికే దించి ఉంటుంది కాబట్టి జాకీని గేర్‌బాక్స్ గట్టి భాగానికి ఆన్చాము.

పంపు మూత పలక స్క్రూలు ఒక పట్టాన రావు. తల అరిగితే పని రెండింతలవుతుంది, అందుకని మొదటి నుంచీ ఇంపాక్ట్ డ్రైవర్‌తోనే విప్పాము. రోటర్లు తీసేముందు వాటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టాము. ఫీలర్ గేజ్‌తో మూడు కొలతలు తీయాలి. పళ్ల కొనల మధ్య సందు 0.24 మిల్లీమీటర్లు వచ్చింది, హద్దు 0.20. బయటి రోటర్‌కూ గది గోడకూ మధ్య 0.33 వచ్చింది, హద్దు 0.31. రోటర్ల పైముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి కొలిచిన పక్కసందు 0.17, హద్దు 0.15. మూడూ దాటాయి. మూత పలక మీద రోటర్ తిరిగిన మేర వలయాలుగా గీతలు పడి ఉన్నాయి, గోరు అడ్డంగా లాగితే ప్రతి గీత దగ్గరా ఆగింది. ఆయిల్ బయటికి తోసే దారి అంచున అల్యూమినియం ఇసుక చల్లినట్టు గుంటలు గుంటలుగా తినేసి ఉంది. బుడగలు ఒత్తిడిలో పగిలినప్పుడు లోహాన్ని అలా చిన్న చిన్న పెచ్చులుగా ఊడబెరుకుతాయి. గేజ్ ముల్లు చూపిన వణుకుకు ఇది లోహం మీద మిగిలిన గుర్తు.

హద్దును 0.02 మిల్లీమీటర్లు దాటితే ఏమవుతుందని చాలామంది అంటారు. అక్కడ లెక్క వేరుగా ఉంటుంది. సన్నటి సందు గుండా కారే ఆయిల్ పరిమాణం ఆ సందు ఘనంతో పెరుగుతుంది. సందు రెండింతలైతే కారుడు రెండింతలు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కొత్త పంపులో పక్కసందు 0.06 ఉన్న చోట ఇప్పుడు 0.17 ఉందంటే, అదే ఒత్తిడి దగ్గర, తోసే వైపు నుంచి లాగే వైపుకు వెనక్కి కారే ఆయిల్ ఇరవై రెట్లు దాటుతుంది. వేగంగా తిరిగినప్పుడు పంపు ఆ నష్టాన్ని భరిస్తుంది, ఐడ్లింగ్‌లో భరించలేదు.

ఆ కారుడు ఆయిల్ చిక్కదనాన్ని బట్టి తగ్గుతుంది, 20డబ్ల్యూ-50 పోసినప్పుడు బుగ్గ ఆరిపోవడానికి అదే కారణం. 100 డిగ్రీల వేడి దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. చిక్కటి ఆయిల్ అరిగిన సందుల్లో నెమ్మదిగా కారింది, ముల్లు కొంచెం పైకి లేచింది, బుగ్గ ఆరింది. కానీ అదే ఆయిల్ సగం మూసుకుపోయిన జాలి గుండా, మూడు మిల్లీమీటర్ల ఇరుకు గుండా పైకి రావడానికి మరింత కష్టపడింది. పొద్దున స్టార్టింగ్‌లో ఆలస్యం పెరిగింది, బుడగలు పెరిగాయి, పంపు మరింత అరిగింది. ఇరవై రోజులు బుగ్గ ఆరి ఉండటాన్ని యజమాని ఉపశమనం అనుకున్నారు. నిజానికి ఆ ఇరవై రోజుల్లో పంపు మిగతా అన్ని నెలలకంటే ఎక్కువ బాధపడి ఉంటుందని నా అభిప్రాయం. బుగ్గ ఆర్పడానికి చిక్కటి ఆయిల్ పోయడం మన ప్రాంతపు షెడ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. దాన్ని నేను ఎక్కడ చూసినా వద్దని చెబుతూనే ఉన్నాను.

రిలీఫ్ వాల్వ్ విప్పితే దాని లోపల కదిలే ప్లంజర్ జిగురు పట్టి, వేలితో నొక్కితే లోపలికి పోయి సగం దూరమే తిరిగి వచ్చింది. ఇది అసలు కారణం కాదు కానీ పట్టించుకోకుండా వదిలేసే విషయమూ కాదు.

కొత్త పంపు ఎక్కించడం

రోటర్ల జత ఒక్కటే కొంటే ఖర్చు చాలా తగ్గేది. కానీ గది గోడ, తోసే దారి అంచు రెండూ తినేసి ఉన్నందున కొత్త రోటర్లు పాత గదిలో పెట్టడంలో అర్థం లేదు. పంపుతో సహా టైమింగ్ కవర్ మొత్తం మార్చాలని నిర్ణయించాను. బజారులో సగం ధరకు దొరికే రకాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటి పక్కసందును నేను స్వయంగా కొలిచాను, కొత్తవే హద్దు దగ్గర ఉన్నాయి. అసలు కంపెనీ భాగం హైదరాబాద్ నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. వచ్చిన కొత్త పంపును కూడా మూత విప్పి కొలిచాము. పక్కసందు 0.06 ఉంది. దానితో పాటు కొత్త చాంబర్, జాలి గొట్టం, దాని ఓ రింగు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు, చైన్ టెన్షనర్, గైడ్లు తెప్పించాము. చైన్ సాగుడు హద్దులోనే ఉన్నందున పాతదే ఉంచాము.

ఓ రింగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జాలి గొట్టం పంపును కలిసే చోట ఉండే ఆ చిన్న రబ్బరు వలయం పదకొండేళ్ల వేడికి ప్లాస్టిక్‌లా గట్టిపడి ఉంది, వంచితే పుటుక్కున విరిగింది. అది సరిగా పట్టకపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలి లాగుతుంది, కొత్త పంపు కూడా పాత పంపులాగే ప్రవర్తిస్తుంది. పాత దాన్ని తిరిగి వాడిన కారణంగా మళ్లీ విప్పాల్సి వచ్చిన బండ్లు నేను చూశాను.

బ్లాకు ముఖం మీది పాత పేస్ట్ తీయడానికి ప్లాస్టిక్ చెక్కుడు పలక, సాల్వెంట్, ఓపిక కావాలి. గ్రైండర్‌కు బిగించే గరుకు డిస్క్ వాడితే పని పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ దాని పొడి ఆయిల్ దారుల్లోకి పోయి బేరింగులను తినేస్తుంది. ఆ డిస్క్‌ను మా షెడ్డులో ఇంజన్ దగ్గరికి రానివ్వము. జిగురు వదిలించడానికి స్టార్ట్ చేసి తిప్పే ఫ్లషింగ్ ద్రవం కూడా ఈ బండికి వాడలేదు. ఒక్కసారిగా ఊడిన మడ్డి పెచ్చులు నేరుగా కొత్త జాలికి చేరుతాయి. చేతికి అందిన మేర కిరోసిన్, బ్రష్‌తో కడిగి, గాలితో ఊది, మిగతా పనిని మంచి ఆయిల్‌కు వదిలిపెట్టాము.

రోటర్ల మధ్య ఖాళీల్లో పెట్రోలియం జెల్లీ నింపి మూత బిగించాము. పొడిగా బిగించిన పంపు మొదటి తిప్పుల్లో గాలిని మాత్రమే నలుపుతుంది, ఆయిల్‌ను పైకి లాగేంత పట్టు దానికి ఉండదు. జెల్లీ ఆ సందులను మూసి లాగుడు పుట్టిస్తుంది, వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. కవర్ ఎక్కించేటప్పుడు లోపలి రోటర్ చదును ముఖాలు క్రాంక్ చదును ముఖాలకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. కవర్ చివరి పది మిల్లీమీటర్లు కూర్చోకపోతే బోల్టులతో లాగకూడదు, తీసి సరిచూసుకుని మళ్లీ పెట్టాలి. ఆ లాగుడుకు రోటర్ పగిలిపోతుంది. సిలికాన్ పేస్ట్ మూడు మిల్లీమీటర్ల మందాన, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, తెగకుండా ఒకే గీతగా వేసి, పేస్ట్ పైన పొర కట్టకముందే కవర్, చాంబర్ రెండూ బిగించాము. చాంబర్ చిన్న బోల్టులకు 11 న్యూటన్ మీటర్లు చాలు, చేతి బలంతో ఇంకొంచెం అనుకుంటే అంచు వంగి మళ్లీ కారుతుంది. కొత్త చాంబర్‌కు కూడా పిండి ముద్ద పరీక్ష ముందే చేశాము: 9 మిల్లీమీటర్లు.

పేస్ట్ గట్టిపడటానికి ఆ రాత్రంతా వదిలేశాము. మర్నాడు 5డబ్ల్యూ-30 ఆయిల్ పోసి, ఫిల్టర్‌లో కూడా నింపి, గేజ్ మళ్లీ బిగించి, పెట్రోల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు తీసి సెల్ఫ్ కొట్టాము. పది సెకన్లు తిప్పి, అర నిమిషం ఆపి, మళ్లీ తిప్పాలి. రెండోసారి ముల్లు కదిలింది, మూడోసారి 2 బార్ దాటింది. ఆ తరువాతే ఫ్యూజు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాము. ఈ పది నిమిషాల పని మానేసి నేరుగా స్టార్ట్ చేస్తే బాగున్న బేరింగులు మన చేతులతోనే పాడవుతాయి.

తరువాతి కొలతలు

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఒక సెకనులోపే 4.1 బార్. అదే ఆరేపల్లి దారిలో తిప్పి తెచ్చాక, 42 డిగ్రీల ఎండలో, ఐడ్లింగ్‌లో 1.3, 3000 ఆర్‌పీఎం దగ్గర 3.4. యాక్సిలరేటర్ అర నిమిషం పట్టి ఉంచినా ముల్లు కదలలేదు. గొలుసు చప్పుడు లేదు. విడిభాగాలు, ఆయిల్, కూలి అన్నీ కలిపి 19,600 రూపాయలు అయింది.

బండి అప్పగించేటప్పుడు యజమానితో కూర్చుని కొంతసేపు మాట్లాడాను. ఆ ఎర్రబుగ్గ ఆయిల్ మట్టం చెప్పేది కాదు, మట్టం నిండుగా ఉన్నా ఒత్తిడి పోతే వెలుగుతుంది. నడుస్తుండగా అది వెలిగితే ఇంటిదాకా పోదాం, షెడ్డుదాకా పోదాం అనుకోకుండా పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి. అది వెలిగే సమయానికి ఒత్తిడి దాదాపు సున్నాకు చేరి ఉంటుంది. తాళంచెవి తిప్పినప్పుడు, ఇంజన్ స్టార్ట్ కాకముందు ఆ బుగ్గ వెలగాలి. వెలగకపోతే బుగ్గే పోయిందని అర్థం, అది మరీ ప్రమాదం. పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉన్నా, మన ఎండలకు, ఆయన తిరిగే దారి దుమ్ముకు 7,500కే మార్చమన్నాను. గ్రేడు మాత్రం ఎవరు చెప్పినా మార్చవద్దన్నాను. అడుగున రాయి తగిలితే, ఆయిల్ కారకపోయినా, చాంబర్ చూపించమన్నాను. "కారితేనే చూపియ్యాలె అనుకున్న మేస్త్రీ" అన్నారాయన. చాలామంది అలాగే అనుకుంటారు, నిజానికి కారని సొట్ట కారే సొట్టకంటే ఎక్కువ కాలం దాగి ఉంటుంది.

500 కిలోమీటర్ల దగ్గర ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి చూశాము. నల్లటి జిగురు బాగానే చేరింది, అయస్కాంతానికి అంటుకున్న పొడి చిటికెడుకంటే తక్కువ, మెరిసే బేరింగు లోహం లేదు. దసరా ముందు మామూలు ఆయిల్ మార్పిడికి వచ్చినప్పుడు గేజ్ మరోసారి పెట్టాను. మీటరు మీద 1,49,700 ఉంది, వేడి మీద ఐడ్లింగ్‌లో 1.25, 3000 దగ్గర 3.4 చూపింది. అన్ని సందర్భాల రీడింగులను తేదీలతో, ఆయిల్ గ్రేడుతో సహా ఆయన సర్వీస్ పుస్తకం వెనక పేజీలో రాసిచ్చాను, వాటి పక్కన తరువాతి కొలతకు ఒక గడి ఖాళీగా వదిలాను.